గ్రామసింహంతో కాపరం

పెళ్ళి సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనవాళ్ళు అడగని ప్రశ్న ఉండదు. గోత్రం ఏమిటి, నక్షత్రం ఏమిటి, అబ్బాయికి సిగరెట్ల అలవాటుందా, అత్తగారు నోరున్న మనిషా, ఆడపడుచులు ఎందరు... అన్నీ అడుగుతారు. "ఇంట్లో కుక్క ఉందా? ఉంటే రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగినవాళ్ళని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. దేశంకాని దేశం సంబంధం చేసుకోబోయే ఆడపిల్ల ఎవరైనా నన్ను సలహా అడిగితే, మిగిలినవి తరవాత, ముందు ఈ రెండూ కనుక్కోమ్మా అని చెబుతాను. భాష నేర్చుకోవచ్చు. చలికి కోటు కొనుక్కోవచ్చు. ఉప్పూ కారం లేని కూరలో కాస్త ఆవకాయ కలుపుకోవచ్చు. మంచం పక్కన పడుకుని గుర్రు పెట్టే 70 కిలోల ప్రాణిని ఏం కలుపుకుని సర్దుకుంటాం చెప్పండి?

మాది కాకినాడ. మావారిది జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊరు. పెళ్ళయి 27 ఏళ్ళయింది. ఈ 27 ఏళ్ళలో మా ఇంట్లో ఐదు కుక్కలు కాపరం చేశాయి. ఒక్కటీ చిన్నది కాదు. కొన్ని గ్రేట్ డేన్‌లు. పేరు చూసి డెన్మార్క్‌వి అనుకుంటాం గాని, ఆ జాతి జర్మనీదే. మగకుక్క భుజం దగ్గర 80 సెంటీమీటర్లయినా లేకపోతే ఆ జాతి లక్షణం సరిగా లేదంటారు. మిగిలినవి లియోన్‌బెర్గర్‌లు. మా ఇంటికి దగ్గర్లోనే లియోన్‌బెర్గ్ అనే ఊరుంది. 19వ శతాబ్దంలో హైన్రిక్ ఎస్సిగ్ అనే ఆయన అక్కడ ఈ జాతిని తయారుచేశాడు. ఊరి చిహ్నంలో ఉన్న సింహంలాంటి కుక్క కావాలని ఆయన ముచ్చటపడ్డాడని చెప్పుకుంటారు. కుక్కని మనం వేళాకోళానికి గ్రామసింహం అంటాం. అక్కడ ఒకాయన నిజంగానే ఆ పని చేసి పెట్టాడన్నమాట!

ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న జీవితో ఒకే ఇంట్లో ఉండడమంటే ఏమిటో మీకు చెప్పాలి. బ్రూనో అనే గ్రేట్ డేన్ ఉండేది. అది మెడ చాచక్కర్లేకుండానే భోజనాల బల్ల మీద గడ్డం ఆనించి, మనం తినే ప్రతి ముద్దనీ లెక్కపెట్టేది. సంతోషంతో తోక ఆడించిందంటే బల్ల మీది కాఫీ కప్పులు కిందికి దిగాల్సిందే. తల విదిలిస్తే చొంగ గోడమీద పడి, ఎండి, సున్నం కొట్టినట్టు చారలు కట్టేది. లోటె అనే లియోన్‌బెర్గర్ వానలో తడిసొచ్చి హాలు మధ్య నిలబడి ఒళ్ళు దులుపుకుందంటే, నేను మళ్ళీ స్నానం చేయవలసిందే. ఇక దాని బొచ్చు సంగతి చెప్పకూడదు. ఇల్లు ఊడ్చి పోగుచేస్తే ఇంకో చిన్న కుక్క తయారయ్యేది.

నవ్వులాటకేం గాని, ఇందులో నన్ను ఏళ్ళ తరబడి వేధించిన ప్రశ్న ఒకటుంది. నేను కోరి తెచ్చుకోని ప్రాణికి, నాకు అంతగా ఇష్టం లేని ప్రాణికి నేనేమైనా బాకీ ఉన్నానా? ఒక మనిషిని ప్రేమించి పెళ్ళాడినంత మాత్రాన ఆ మనిషి ప్రేమించేవాటన్నిటినీ ప్రేమించి తీరాలా?

ఇష్టం లేకపోవడం అంటే రాతిగుండె అనుకోకండి. నా భయానికి చరిత్ర ఉంది. మా చిన్నతనంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు. మా వీధిలో ఒక పిల్లకి ఆ ఇంజక్షన్లు చేయిస్తుంటే, రోజూ ఆ పిల్ల ఏడుపు విని మేమంతా పొట్టలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత మందు మన దేశంలో 2005 ప్రాంతాల దాకా వాడుకలో ఉంది. ఇప్పటికీ ప్రపంచంలో రేబిస్‌తో పోయేవాళ్ళలో మూడోవంతుకు పైగా మన దేశంవాళ్ళే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో వీధికుక్కలు నాలుగేళ్ళ పసివాణ్ణి చంపేశాయి. అలాంటి చోట కుక్కని చూసి రెండడుగులు వెనక్కి వేసే తల్లిని పిరికిది అనగలమా? ఆ భయం తెలివితక్కువతనం కాదు. అమ్మమ్మల నాటి నుంచి వచ్చిన జ్ఞానం అది.

మావారి ధైర్యానికీ అలాగే చరిత్ర ఉంది. అడవుల్లో నక్కలకి మందు పెట్టిన ఎరలు విమానాల నుంచి జల్లి జల్లి, 2008కి నేలమీది జంతువుల్లో రేబిస్ లేని దేశమని జర్మనీ ప్రకటించుకుంది. ఆయన పుట్టిన ఊళ్ళో యజమాని లేని కుక్క రోడ్డుమీద కనిపించదు. ప్రతి కుక్కకీ నగరపాలక సంస్థకి పన్ను కట్టాలి. చాలా ఊళ్ళలో రెండో కుక్కకి ఇంకా ఎక్కువ. ఆయన కుక్క నోట్లో చెయ్యి పెట్టి ఎముక ముక్క లాగుతుంటే నాకు గుండె ఆగినంత పనయ్యేది. నేను ఎండు మిరపకాయలు నూనెలో వేయిస్తుంటే ఆయనకీ అంతే లెండి. ఎవరికి ఏది అలవాటో అది ధైర్యం. ఏది కొత్తో అది భయం.

భయం సంగతి అలా ఉంచితే, మడి సంగతి దానికన్నా కష్టం. పెళ్ళయిన కొత్తలో ఆయన చాలా మర్యాదగా అడిగారు. "ఆవుపేడతో వాకిలి అలుకుతారు, కుక్క వంటింట్లోకి వస్తే నేల కడుగుతారు. ఎందుకు?" నేనూ అంతే మర్యాదగా అడిగాను. "పందిని వండుకు తింటారు, కుక్కని సోఫాలో కూర్చోబెడతారు. మీకెందుకు?" ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. ఇద్దరికీ సమాధానం దొరకలేదు.

శుభ్రం తెలియని మనుషులా అంటే అదీ కాదు. వాళ్ళ ప్రాంతం జర్మనీ మొత్తంలోకీ శుభ్రతకి పేరుపడ్డది. 'కేర్‌వోఖె' అని ఒక ఆచారం ఉంది. అంటే ఊడ్చే వారం. నాలుగు వాటాల ఇంట్లో ఈ వారం ఎవరి వంతో వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక వేలాడుతుంది. వాళ్ళు మెట్లూ, వాకిలీ, ఇంటిముందు కాలిబాటా ఊడ్చి కడగాలి. వంతు తప్పితే ఇరుగుపొరుగు చూసే చూపు మన పెద్దవాళ్ళు మైల బట్ట తగిలితే చూసే చూపు లాంటిదే. ఆ మెట్ల మీదనించే 70 కిలోల కుక్క దర్జాగా నడిచి పైకొస్తుంది. ఎవరూ ఏమీ అనరు. వాళ్ళకి మురికి అనేది కంటికి కనిపించేది. మనకి అంటు అనేది కంటికి కనిపించనిది. జంతువుల మధ్య ప్రతి జాతీ ఎక్కడో ఒకచోట గీత గీసుకుంది. తన గీత తర్కంతో గీశానని ఎవరూ రుజువు చేయలేరు. ఎదుటివాళ్ళ గీత మాత్రం మూర్ఖత్వమని అందరూ రుజువు చేయగలరు!

అలాగని మన ఆచారంలో కుక్కకి చోటు లేదనుకుంటే పొరపాటు. గృహస్థు చేయవలసిన ఐదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. వండిన దాంట్లోంచి కుక్కలకీ కాకులకీ చీమలకీ ఇంత నేలమీద పెట్టాలంటారు. మా మామ్మ ఏ యజ్ఞాల పేర్లూ ఎరగదు గాని, అందరి భోజనాలూ అయ్యాక పెరట్లో కుక్కకి ఒక ముద్ద పెట్టందే తలుపు గడియ వేసేది కాదు. మన దగ్గర కుక్కకి అన్నంలో వాటా ఉంది, ఇంట్లో వాటా లేదు. వాళ్ళ దగ్గర ఇంట్లో వాటా ఉంది, చట్టంలో కూడా ఉంది. జంతువులు వస్తువులు కావని 1990లో వాళ్ళ పౌరచట్టంలో రాసుకున్నారు. జంతు సంరక్షణని 2002లో రాజ్యాంగంలోనే చేర్చుకున్నారు. 2022 నుంచి కుక్కని అస్తమానం గొలుసుతో కట్టేసి పెంచడం నిషేధం. కాని మన వీధికుక్కకున్న స్వేచ్ఛ అక్కడి కుక్కకి లేదు. యజమాని తలుపు తీసేదాకా దానికి లోకం లేదు. ఏ కుక్క సుఖపడిందో కుక్కల్నే అడగాలి.

ఇలా వాదించుకుంటూ, సర్దుకుంటూ మా సంసారం సాగుతుండగా, 2019 వేసవిలో మా అమ్మ మా దగ్గరికి బయల్దేరింది. నాన్నగారు పోయాక మొదటి ప్రయాణం. మూడు నెలల వీసా. అమ్మకి అప్పటికి 72 ఏళ్ళు. పొద్దున్నే స్నానం చేసి, తడిబట్టతో మడి ఆరేసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టిగాని మంచినీళ్ళు ముట్టని మనిషి. ఈ ఇంట్లో ఎలా ఉంటుంది? నాకు నెలరోజులు నిద్ర లేదు.

మావారే అన్నారు, "మూడు నెలలూ కుక్కల్ని హాస్టల్లో పెడదాం" అని. అక్కడ కుక్కలకి హాస్టళ్ళుంటాయి. మాట మంచిదే గాని, అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి! బ్రూనోకి అప్పటికి ఆరేళ్ళు. కుక్కల్లో ఒక విచిత్రం ఉంది. చిన్న జాతులు పద్నాలుగూ పదిహేనేళ్ళు బతుకుతాయి. ఈ కొండంత కుక్కలు ఎనిమిదీ పదేళ్ళకే వెళ్ళిపోతాయి. దాని బతుకులో మూడు నెలలంటే మన బతుకులో రెండేళ్ళకి పైమాటే. ఒకవైపు కన్నతల్లి, ఇంకోవైపు కట్టుకున్నవాడి ప్రాణం. నేను ఎటు చెప్పినా ఎవరికో అన్యాయం.

చివరికి అమ్మకే ఫోన్‌లో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది, "నేను చుట్టాన్నే అమ్మాయీ. అవి ఇంట్లోవాళ్ళు. చుట్టం వస్తోందని ఇంట్లోవాళ్ళని బయటికి పంపుతారుటే? అల్లుడుగారితో చెప్పు, వాటిని వంటింట్లోకి రానివ్వద్దని, నన్ను తాకనివ్వద్దని. ఆపైన నా తిప్పలు నేను పడతాను."

మావారు వంటింటి గుమ్మానికి అడ్డంగా నేలమీద పసుపు రంగు టేపు అంటించి, జేబు నిండా బిస్కెట్లు వేసుకుని పది రోజులు పాఠం చెప్పారు. అమ్మ వచ్చేసరికి రెండు కుక్కలూ ముక్కులు సరిగ్గా టేపు అంచుకి ఆనించి, సింహద్వారానికి ద్వారపాలకుల్లా పడుకునేవి. నేను ఇన్నేళ్ళుగా 'అది' అంటున్న కుక్కని అమ్మ మొదటిరోజే 'వాడు' అంది. వాడి తిండి చూసి 'భీముడు' అని పేరు పెట్టింది. భీముడికి వృకోదరుడని పేరు కదా, తోడేలు కడుపువాడని! గీతకి ఇవతల నిలబడి, వంగకుండా, వాడి పళ్ళెంలోకి ఒక పెరుగన్నం ముద్ద విసిరేది. భీముడు దాన్ని పళ్ళెం దాకా రానిస్తేగా!

రెండో నెలలో మావారు పనిమీద బెర్లిన్ వెళ్ళారు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ నా తలుపు కొట్టింది. "భీముడు అదోలా ఉన్నాడే. ఊరికే తిరుగుతున్నాడు. కక్కబోతాడు, ఏమీ రాదు. కడుపు చూడు, మద్దెలలా ఉంది" అంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకి వచ్చే ప్రమాదం అది. పొట్ట తనంతట తనే మెలితిరిగి, గాలి నిండిపోయి, రక్తం ఆడకుండా చేస్తుంది. కొద్ది గంటల్లో ఆపరేషన్ చేయకపోతే ప్రాణం దక్కదు. డాక్టరు వెంటనే తీసుకురమ్మంది. పక్కింటాయన్ని లేపి, కంబళిలో పెట్టి, ముగ్గురం ఆపసోపాలు పడి కారులోకి చేర్చాం. అవునండీ, ముగ్గురం. అమ్మ కంబళి కొస పట్టుకుంది. కారులో వెనక సీట్లో కూర్చుని, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా "నారాయణ, నారాయణ" అంటూనే ఉంది.

ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళి మమ్మల్ని ఇంటికి పంపేశారు. ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలో ఆగలేదు. నేరుగా స్నానాలగదిలోకి వెళ్ళి, నిండా తలస్నానం చేసి, ఆ చీర విడిగా తడిపి, దీపం పెట్టుకుంది. పెట్టుకుని బయటికొచ్చి, "ఫోన్ చేసి కనుక్కో, వాడికెలా ఉందిట?" అంది.

వాడు బతికాడు. వారానికి ఇంటికొచ్చాడు. మళ్ళీ గీతకి అవతల వాడు, ఇవతల అమ్మ. మళ్ళీ విసిరిన పెరుగన్నం ముద్ద. ఆ తరవాత అమ్మ వాణ్ణి ఒక్కసారి కూడా తాకలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఆ రాత్రి తాకావు కదమ్మా?" అని. "తాకితే స్నానం చేస్తే పోతుంది. ప్రాణం పోతే ఏం చేస్తే వస్తుందే?" అంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

నా ప్రశ్నకి జవాబు నాకు ఆ మాటలో దొరికింది. అమ్మ మారిపోయి కుక్కల్ని ప్రేమించడం మొదలుపెట్టి ఉంటే అది వేరే కథ, పత్రికలకి పనికొచ్చే కథ. అమ్మ మారలేదు. మడి మడిగానే ఉంది. దయ దయగానే ఉంది. రెండింటికీ ఎప్పుడు ఏది పైనుండాలో ఆవిడకి తెలుసు. అంతే.

ఇది కొత్త సంగతీ కాదు. భారతం మొదట్లో ఒక కుక్క, చివర్లో ఒక కుక్క ఉన్నాయి. మొదట్లో సరమ అనే దేవశునకం కొడుకుని జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చేయకుండానే కొడితే, ఆ తల్లి సభకి వచ్చి న్యాయం అడిగింది. రాజులు నోరెత్తలేకపోయారు. చివర్లో ధర్మరాజు వెంట నడిచిన కుక్క. దాన్ని వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంటే ఆయన స్వర్గమే వద్దన్నాడు. ఈ కథ మనందరికీ తెలుసు. కాని ఒక సంగతి గమనించారా? ధర్మరాజు ఆ కుక్కని నిమిరినట్టు గాని, ముద్దుచేసినట్టు గాని, పేరు పెట్టి పిలిచినట్టు గాని ఎక్కడా లేదు. దాన్ని ప్రేమిస్తున్నానని ఆయన అనలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని నా సుఖం కోసం వదలను అన్నాడు. అక్కడ వాడిన మాట ఆనృశంస్యం. అంటే కఠినంగా ఉండకపోవడం. ప్రేమకన్నా చిన్న మాటలా కనిపిస్తుంది గాని, ఎక్కువ బరువు మోసే మాట.

ప్రేమని నమ్ముకుంటే ఏమవుతుందో చూస్తున్నాంగా. బొచ్చు చూసి ముచ్చటపడి హైదరాబాదు ఎండల్లోకి మంచుదేశపు కుక్కల్ని తెచ్చుకున్నవాళ్ళున్నారు. ముచ్చట తీరాక రోడ్డుమీద వదిలేసినవాళ్ళూ ఉన్నారు. సెలవులకి ఊరెళుతూ కుక్కని దారిలో వదిలిపోయే జర్మన్లూ లేకపోలేదు. వాళ్ళందరికీ మొదట్లో ప్రేమ ఉంది. ఇష్టం మన చేతిలో లేనిది. ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. దాన్ని ఎవరూ ఎవరినీ అడగకూడదు. కాని ఈ గుమ్మంలోకి వచ్చిన ప్రాణికి ఆకలివేళ అన్నం, ఆపదవేళ మనిషి సాయం, ఇవి అడగవచ్చు. ఇష్టం లేనివాళ్ళని కూడా అడగవచ్చు.

నన్నడిగితే భార్యాభర్తల మధ్యా అంతే. నేను ఊరెళ్ళినప్పుడు, ఏ దేవుణ్ణీ నమ్మని మావారు రోజూ సాయంత్రం నా దేవుడి దగ్గర దీపం పెడతారు. నమ్మకం వచ్చిందా అంటే రాలేదంటారు. "నువ్వు పెట్టేదానివి, నువ్వు లేవు, అందుకని" అంటారు. నేను ఆయన కుక్కలకి అన్నం పెడతాను. నా మొహం నాకనివ్వను. ఆయన అడగరు.

బాన్ నగరంలో ఒక మ్యూజియం ఉంది. 1914లో ఆ ఊరి శివార్లలో రాళ్ళు కొట్టే కూలీలకి బయటపడిన ఎముకలు అందులో ఉన్నాయి. 14,000 ఏళ్ళనాటి సమాధి. ఒక మగవాడు, ఒక ఆడది, వాళ్ళతోపాటు ఒక కుక్కపిల్ల. ఏడు నెలల వయసుది. దాని పళ్ళు పరీక్షించి 2018లో శాస్త్రజ్ఞులు తేల్చిందేమిటంటే, ఆ పిల్లకి పెద్ద జబ్బు చేసింది, వారాల తరబడి ఎవరో కనిపెట్టుకుని సాకితేనే అన్నాళ్ళు బతికింది అని. జబ్బుపడ్డ కుక్కపిల్ల వేటకి పనికొచ్చేది కాదు, కాపలాకీ పనికొచ్చేది కాదు. అయినా సాకారు. ఆ అద్దాలపెట్టె ముందు నిలబడి మావారు ఎప్పుడూ అంటారు, "చూడు, వాళ్ళకి అదంటే ఎంత ప్రేమో!" అని.

అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఆ ఆవిడ మీదే ధ్యాస. ఆవిడ కూడా దాన్ని చూసి మొహం చిట్లించుకుని, "ఈ బొచ్చేమిటి, ఈ చొంగేమిటి" అని సణుక్కుంటూనే, రోజూ దాని నోట్లో ఇన్ని నీళ్ళు పోసిందేమో. ఎముకల్ని చూసి ఇష్టంగా పోసిందో విసుక్కుంటూ పోసిందో ఎవరూ చెప్పలేరు. పోసిందన్నది మాత్రం 14,000 ఏళ్ళ తరవాత కూడా కనిపిస్తోంది.